హోలిస్ గుండ్రటి ట్యాంకు

మా ఇంట్లో గ్యారేజీ గోడకు ఇవతల మా పడకగది, అవతల మా ఆయన హోలిస్ ట్యాంకు. అందులో నీళ్ళు తిప్పే మోటారు శీతాకాలమంతా, పగలనక రాత్రనక, చెవిలో జోరీగలా మోగుతూనే ఉంటుంది. సాక్సు మిల్లు మూతపడి మా ఆయన డబ్బిచ్చినవాళ్ళని పడవలో చేపల వేటకు తీసుకెళ్ళే గైడు అవతారం ఎత్తినప్పటి నుంచీ నేను ఆ మోతలోనే నిద్రపోతున్నాను. నిద్ర అనడం మర్యాదకే. ఆయనకు మాత్రం అది జోలపాట. మోటారు క్షణం ఆగితే చాలు, గాఢనిద్రలో ఉన్నవాడు కూడా లేచి కూర్చుని "ఆగింది" అంటాడు. పక్కన నా ఊపిరి ఆగినా అలా లేస్తాడన్న నమ్మకం నాకు లేదు.

ఆ ట్యాంకులో ఉండేవి ఎర చేపలు. హెర్రింగులంటారు. అరచెయ్యంత పొడవు, వెండి రంగు, ఒట్టి సుకుమారం. మూల తగిలితే ముక్కు కమిలి ఎర్రబడతాయి, అందుకని ట్యాంకు గుండ్రంగా ఉండాలి. నీళ్ళు వెచ్చబడితే చస్తాయి. ఉప్పు తగ్గితే చస్తాయి. ఊరి కుళాయి నీళ్ళు పోసి క్లోరిన్ విరిచే పొడి వెయ్యకపోతే తెల్లారేసరికి ఒక్కటీ మిగలదు. మా పిల్లల్ని పెంచేటప్పుడు ఇందులో పదోవంతు జాగ్రత్త చూపలేదు ఈ మనిషి.

బతికున్న హెర్రింగును గాలానికి గుచ్చి లోతుకు దింపితే స్ట్రైపర్ పడుతుంది. ఒంటినిండా చారలు, చంటిపిల్లంత బరువు. బర్మింగ్‌హామ్ నుంచి చలిలో వణుక్కుంటూ వచ్చేవాళ్ళు దాన్ని ఎత్తుకుని ఫొటో దిగడానికే వస్తారు. తినాలంటే మాత్రం క్రాపీ. అది నా చేప. క్రిస్మస్ అయిపోయాక ఇరుగుపొరుగు పారేసే చెట్లన్నీ తెచ్చి, ఇటుకలు కట్టి, మా ఇంటి వెనక రిజర్వాయరులోకి కట్టుకున్న చెక్కబల్లల డాక్ చివర ముంచుతాను. డ్యామువాళ్ళు చలికాలం నీళ్ళు తగ్గించినా అక్కడ లోతుంటుంది. ఆ కొమ్మల్లో క్రాపీలు చేరతాయి. బకెట్ బోర్లించి దానిమీద కూర్చుని చిన్న ఎర వేసుకుంటాను. దాని మూతి కాగితం. విసురుగా లాగితే చిరిగిపోతుంది, చేప జారిపోతుంది. మొక్కజొన్న పిండిలో దొర్లించి వేయిస్తే హోలిస్ ప్లేటు ఖాళీ చేసి నా ప్లేటు వంక చూస్తాడు. నా పక్కన కూర్చుని పట్టమంటే మాత్రం "అది ముసలమ్మల చేప" అనేవాడు. ఆయన నాకంటే నాలుగేళ్ళు పెద్ద.

మిల్లులో ఉన్నన్నాళ్ళూ నైట్ షిఫ్టే. సాక్సుల మడమలు కుట్టే యంత్రాల మధ్య ఇరవై ఏళ్ళు నిలబడి చెవులు సగం పోగొట్టుకున్నాడు. మిల్లు మూసేసిన రోజు ఇంటికొచ్చి, టోపీ బల్లమీద పెట్టి, "ఇకమీదట కప్పు కింద పని చెయ్యను" అన్నాడు. అన్నమాట నిలబెట్టుకున్నాడు, అదే నా ఖర్మ. చలికాలమంతా సాయంత్రం వంతెన దగ్గర వల విసరడం, హెర్రింగుల్ని తెచ్చి ట్యాంకులో వేసి కాపాడుకోవడం, తెల్లవారకముందే పడవ దింపడం. వల తాడు పళ్ళతో పట్టుకుని విసిరేవాడు, ఆ నీళ్ళు గడ్డంమీద గడ్డకట్టేవి. వేళ్ళు పగిలి, పగిలినచోట ఉప్పు దిగి, రాత్రి ఫోర్కు పట్టుకోవడానికి కూడా మొరాయించేవి. ఇంత చేసీ ఇంటికొచ్చి కుర్చీలో కూలబడి, "ఇవాళ చేపలు బాగా ఆడాయి వర్నా" అనేవాడు. ఒళ్ళు మండేది నాకు.

పోయిన చలికాలం పడవ నీళ్ళలోకి దింపే ర్యాంపు మీద మంచుకు జారి నీళ్ళలో పడ్డాడు. బరువు కోటుతో, బూట్లతో. డాక్ కొక్కెం పట్టుకుని ఎలాగో పైకొచ్చాడు. ఇంటికొచ్చేసరికి బట్టలు చెక్కలా బిగుసుకున్నాయి, బూట్లు కత్తెరతో కోసి తియ్యాల్సి వచ్చింది. ఆయన వణుకు తగ్గాక నా వణుకు మొదలైంది.

"ఇక చాలు హోలిస్. అమ్మేద్దాం పడవ" అన్నాను.

కోసిన బూట్లని కాలితో పక్కకు తోశాడు. చివరికి, "ఒక మాట చెప్తా. ట్యాంకు చంపిన రోజున, అందులో చేపలన్నీ నా చేతిలో చచ్చిన రోజున, దిగిపోతా. అప్పటిదాకా నన్నడక్కు" అన్నాడు.

"ట్యాంకుకీ దీనికీ ఏంటి సంబంధం?"

"గైడన్నవాడు ముందు ఎరని మర్చిపోతాడు. తర్వాత పడవ అడుగున నీళ్ళు వదిలే కన్నానికి బిరడా పెట్టడం మర్చిపోతాడు. ఆ తర్వాత ఎక్కించుకున్న మనిషినే నీళ్ళపాలు చేస్తాడు. మొదటి దగ్గరే ఆగిపోవాలి. నేను ఆగుతా."

ముప్పై చలికాలాల్లో ఆయన చేతిలో ట్యాంకు చావలేదు. ఆ గర్వంతోనే లామర్‌ని ఏడిపించేవాడు. లామర్ కూడలి దగ్గర ఎరల దుకాణం నడుపుతాడు. అతని ట్యాంకు చదరం, పాత ఐస్ పెట్టె. హోలిస్ దానికి స్మశానమని పేరు పెట్టి ఊరంతా చాటాడు. ఆ మాట ఇచ్చాక నేను మాత్రం రోజూ పొద్దున్నే ట్యాంకు మూతెత్తి చూసేదాన్ని. చచ్చాయేమోనని. చావాలని.

ఈ జనవరిలో చలి విరుచుకుపడింది. ట్యాంకుకు నీళ్ళొచ్చే బావి గొట్టం గడ్డకట్టింది. ఆ సాయంత్రం హోలిస్ ఊరి నీళ్ళొచ్చే వంటింటి కుళాయికి పైపు తగిలించి, ట్యాంకు నింపి, పట్టుకొచ్చిన హెర్రింగుల్ని అందులో వేశాడు. మర్నాడు ఎజెల్ వస్తున్నాడు. బర్మింగ్‌హామ్‌లో స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి, ప్రతి జనవరిలోనూ ఒకసారి వస్తాడు. సూప్ తాగుతూనే హోలిస్ కళ్ళు మూతలు పడ్డాయి. బూట్లతోనే కుర్చీలో నిద్రపోయాడు. దుప్పటి కప్పి వదిలేశాను.

తెల్లవారకముందు సాసేజీ తియ్యడానికి గ్యారేజీలోని ఫ్రీజరు దగ్గరకు వెళ్ళాను. మోటారు మోగుతోంది. అలవాటుగా మూతెత్తాను. నీళ్ళు తిరుగుతున్నాయి, నీళ్ళతోపాటు చేపలన్నీ వెల్లకిలా తిరుగుతున్నాయి. పొడి డబ్బా అలమరలో ఉంది. దానిమీద చెంచా పెట్టింది పెట్టినట్టే ఉంది.

నేను కోరుకున్నదే. ఏడాదిగా ఎదురుచూసిందే. ఇంట్లోకి వెళ్ళి లేపి, "చూసుకో" అంటే అయిపోయేది. లేపడానికే వెళ్ళాను కూడా. తల పక్కకు వాల్చి, నోరు తెరుచుకుని, ఒక చేతిలో దుప్పటి అంచు పట్టుకుని నిద్రపోతున్నాడు. వేళ్ళ పగుళ్ళలో ఇంకా పొలుసులు మెరుస్తున్నాయి. ఈ మనిషికి ఆ సంగతి నా నోటితో చెప్పలేను అనిపించింది. తొట్టి, చిన్న గాలి పంపు ట్రక్కులో పెట్టుకుని లామర్ దుకాణానికి పోనిచ్చాను.

లామర్ అప్పుడే కాఫీ పోసుకుంటున్నాడు. "ఇంత పొద్దున్నే ఏంటి మిస్ వర్నా? క్రాపీలకి చిన్న చేపలు కావాలా?"

"హెర్రింగులు కావాలి."

"నా స్మశానంలోంచా?"

"వెటకారం తర్వాత. ముందు వల తీసుకో."

"క్రాపీ మూతిలో ఇంత చేప పడుతుందా అని అడుగుతున్నా, అంతే."

"లామర్, ఈ చలిలో నీతో కబుర్లు చెప్పుకోవడానికి రాలేదు నేను."

అతను కప్పు పక్కన పెట్టి ట్యాంకు దగ్గరకు నడిచాడు. నాకు వీపు పెట్టి, వల నీళ్ళలో ముంచుతూ, "ఈసారి ఏం మర్చిపోయాడు? ఉప్పా, పొడా?" అన్నాడు.

"ఈసారి అంటే?"

"నవంబర్లో థాంక్స్‌గివింగ్ పండగప్పుడు ఉప్పు. క్రిస్మస్ ముందు పొడి. రెండుసార్లూ ఇలాగే చీకట్లో వచ్చాడు. మీకు చెప్పొద్దని నాచేత ఒట్టేయించుకున్నాడు."

"మరి ఇప్పుడెందుకు చెప్తున్నావ్?"

అతను తొట్టి మూత బిగించి నా వైపు తిరిగాడు. ముఖంలో నవ్వు లేదు. "మొన్న పడవ దింపుతుంటే చూశాను. అడుగు బిరడా లేదు మిస్ వర్నా. నేను కేకేస్తే పెట్టాడు. లేకపోతే నీళ్ళ మధ్యకెళ్ళాక పడవ నిండి మునిగేది. బిరడా సంగతి చెప్పకూడదని ఒట్టు లేదు."

తొట్టి ట్రక్కులో పెట్టుకుని ఇంటికి బయలుదేరాను. హోలిస్ మాటిచ్చి, తప్పి, రెండు నెలలుగా నా ఎదుట కూర్చుని సూప్ తాగాడు. నేనేమో జాలిపడి లామర్ స్మశానంలోంచి చేపలు మోసుకొస్తున్నాను. ఇంటికెళ్ళగానే ఏమేం అనాలో ఒక్కొక్క మాటా పేర్చుకున్నాను. ఆ వరస విని ఉంటే మా పాస్టరు నన్ను చర్చి మెట్లు ఎక్కనిచ్చేవాడు కాదు.

గ్యారేజీలో దీపం వెలుగుతోంది. హోలిస్ లేచాడు. చిన్న వలతో చచ్చిన చేపల్ని తీసి బకెట్లో వేస్తున్నాడు. విసిరెయ్యడం లేదు, ఒక్కొక్కదాన్ని దించుతున్నాడు. తలెత్తకుండానే అన్నాడు.

"ట్యాంకు చచ్చింది, వర్నా."

ఆయన నోటంట వస్తుందనుకోలేదు. "మొదటిసారేనా?" అన్నాను.

వల ఆగింది. నా చేతిలోని తొట్టి వైపు చూశాడు. "లామర్ దగ్గరకెళ్ళావా?"

"వెళ్ళాను."

"అన్నీ చెప్పేశాడా?"

"బిరడా కూడా."

హోలిస్ బోర్లించిన బకెట్ మీద కూర్చున్నాడు. "అది నాకు గుర్తు లేదే. పెట్టాననే గుర్తు. వాడు కేకేస్తే వాడికే మతిపోయిందనుకున్నా. వంగి చూస్తే నిజంగానే లేదు." చేతిలో వల కింద పెట్టి, "భయమేసింది. నీకు చెప్తే దింపేస్తావని ఇంకా భయమేసింది" అన్నాడు.

దారంతా పేర్చుకున్న మాటల్ని వదిలేసి తొట్టి కింద పెట్టాను. నాకూ భయమేసింది. నీళ్ళకి కాదు. పెట్టాననే గుర్తు అన్న ఆ మాటకి.

"నువ్వు కోరుకున్నదే అయింది" అన్నాడు. దెప్పడానికి కాదు, మామూలుగానే.

"కోరుకున్నాను. ఇలా కాదు."

వాకిట్లో ఎజెల్ కారు దీపాలు మలుపు తిరిగాయి. హోలిస్ లేవలేదు. "వాడికేం చెప్పను? అంత దూరం నుంచి వచ్చాడు."

"ఇవాళ్టికి వెళ్దాం. నేనూ వస్తున్నా. బిరడా నేను పెడతా."

నేనే పెట్టాను. గట్టిగా తిప్పి, మళ్ళీ తడిమి చూసుకున్నాను. నీళ్ళమీద పొగలేస్తోంది. నీళ్ళు తగ్గి గట్టున ఎర్రమట్టి బయటపడి ఉంది. వాగు మొగ దగ్గర కొంగల్లాంటి తెల్ల పిట్టలు ముక్కుతో నీళ్ళు పొడవడం చూసి, కింద చేపలున్నాయని హోలిస్ పడవ అటు తిప్పాడు. గాలాలు దింపాడు. అక్కడ ఆయన చేతులు ఏదీ మర్చిపోలేదు, అదే చూడలేకపోయాను. ఎజెల్ కర్ర వంగి నీళ్ళలో మునిగింది. పెద్ద చేప. ఎజెల్ తంటాలు పడుతూ లాగాడు, హోలిస్ వల కిందకు పెట్టి ఎత్తాడు.

"వచ్చే జనవరికి దీనికంటే పెద్దదాన్ని పట్టుకుందాం కెప్టెన్" అన్నాడు ఎజెల్ రొప్పుతూ.

"వచ్చే జనవరి లేదు. ఇదే ఆఖరు."

"గైడులందరూ అంటారులే ఆ మాట."

"నేనెప్పుడన్నాను?" అన్నాడు హోలిస్.

ఎజెల్ ఆయన వంక చూశాడు, తర్వాత నా వంక చూశాడు. మిగిలిన ఎర చేపల్ని హోలిస్ ఎప్పుడూ ఇంటికి తెచ్చి కాపాడేవాడు. ఆ రోజు పడవలోని తొట్టి ఎత్తి నీళ్ళలో వంచేశాడు. లామర్ ట్యాంకులోని ఎర్ర ముక్కుల చేపలు కాసేపు తెలియనట్టు అక్కడే తిరిగి, లోతుకు వెళ్ళిపోయాయి.

పడవ వెళ్ళిపోయి మూడు వారాలైంది. కొన్నవాళ్ళు ట్రక్కుకు తగిలించుకుంటుంటే హోలిస్ వెనక్కి వెళ్ళి బిరడా ఉందో లేదో చూశాడు. ఇప్పుడు పొద్దెక్కాక నాతో డాక్ మీదకొస్తాడు. నా బకెట్ పక్కన ఇంకో బకెట్ బోర్లించుకుంటాడు. ఎర కదలగానే స్ట్రైపర్‌ని లాగినట్టు విసురుగా లాగుతాడు, మూతి చిరిగి క్రాపీ పోతుంది.

"మెల్లగా."

"మెల్లగానే లాగాను కదే."

"ఇంకా మెల్లగా. ముసలమ్మలు లాగినట్టు."

మళ్ళీ ఎర గుచ్చుకుంటాడు. వేళ్ళ పగుళ్ళు మానుతున్నాయి. అలసట మాత్రం పని మానేసినా తగ్గలేదు, ముప్పై ఏళ్ళదీ ఇప్పుడే బయటికొస్తున్నట్టుంది. నాలుగడుగులు నడిస్తే కుర్చీ వెతుక్కుంటాడు.

ట్యాంకును ఎవరికీ ఇవ్వలేదు. అడిగితే "చూద్దాంలే" అన్నాడు. అందులో ఒక్క చేపా లేదు, మోటారు మాత్రం మోగుతూనే ఉంది. నిన్న మధ్యాహ్నం ఆయన కుర్చీలో కునుకు తీస్తుంటే వెళ్ళి ఆపేశాను. ఇల్లంతా ఒక్కసారిగా నిశ్శబ్దం. ముప్పై ఏళ్ళుగా కావాలనుకున్న నిశ్శబ్దం. వంటింటి గుమ్మం దాకా వచ్చానో లేదో, "ఆగింది" అని వినిపించింది. హోలిస్ నిటారుగా కూర్చుని కాలితో బూటు వెతుక్కుంటున్నాడు.

"అందులో చేపల్లేవు హోలిస్. పడుకో."

"తెలుసు" అన్నాడు. పడుకోలేదు. గోడ వైపు చూస్తూ అలాగే కూర్చున్నాడు.

వెనక్కి వెళ్ళి మోటారు వేశాను. ఉత్త నీళ్ళే. అయినా అలమరలోంచి డబ్బా తీసి, చెంచాడు పొడి కూడా వేసి వచ్చాను.