కూర్చోమ్మా మేడం

మా యూనివర్సిటీ కాలేజీలో ఆవిడను అందరూ ‘కూర్చోమ్మా మేడం’ అనేవాళ్లు. ఎవరు తలుపు తోసినా ఆవిడ నోట ముందుగా వచ్చే మాట అదే. లెక్కల పాఠాలు చెప్పే మనిషి, విద్యార్థుల కష్టాలు విని సలహాలిచ్చే పనిని, అందరూ తప్పించుకునేదాన్ని, కోరి మరీ తీసుకుంది. “హాయిగా పాఠాలు చెప్పుకోక ఈ తలనొప్పి ఎందుకమ్మా?” అని ప్రిన్సిపాల్ అడిగినా వదల్లేదు.

ఒకరోజు రెండో ఏడాది అమ్మాయి ఒకతె చదువు మానేస్తానంటూ వచ్చింది. వాళ్ల నాన్నకు పక్షవాతం. ఆయన్ను చూసుకుంటూ క్లాసులకు రాలేకపోయింది. హాజరు చాలదని పరీక్ష రాయనివ్వరేమోనని బెంగ పెట్టుకుంది.

“మానేయడం దేనికి? ఒక సెమిస్టర్ సెలవు పెట్టు. నీ సీటు ఎక్కడికీ పోదు, రూల్సులోనే ఉంది.”

“అందరూ ఫెయిలయ్యాననుకుంటారు మేడం.”

“అనుకోనీ. మా అబ్బాయి పుట్టినప్పుడు నేనూ పెట్టాను. నా డిగ్రీ ఏమన్నా చిన్నదైపోయిందా?”

అమ్మాయి ఏడుపులోనే నవ్వేసింది.

ఆ సెలవంతా మేడం తరచూ ఫోన్ చేసేది. చదువు ఊసెత్తేది కాదు. “నాన్నకి మాట వస్తోందా? నువ్వు వేళకి తింటున్నావా?” అనేది. తిరిగి చేరే గడువు దగ్గరపడ్డాక మాత్రం, “ఇక పుస్తకాలు దులుపు తల్లీ” అంది.

అమ్మాయి వచ్చింది. తోటివాళ్ల కంటే ఆలస్యంగానైనా డిగ్రీ పూర్తి చేసింది. పట్టా అందుకున్న రోజు తండ్రి చేతికర్ర సాయంతో వచ్చి మేడంకి దండం పెట్టబోయాడు. ఆవిడ కంగారుపడిపోయింది.

“నాకెందుకండీ? మీకు సేవ చేసి, మళ్లీ ధైర్యంగా క్లాసుకొచ్చింది మీ అమ్మాయి!” అంటూ ఆ పిల్లను ఆయన ముందుకు నెట్టింది.