వర్లీన్ పట్టిన రెండు కుందేళ్లు

కోతకు ముందు చెరకు తోటలకు నిప్పు పెడతారు. ఎండాకు కాలిపోతుంది, గడ మిగులుతుంది, లోపల దాక్కున్న కుందేళ్లు ప్రాణాలు అరచేత పెట్టుకుని బయటికి దూకుతాయి. ఒకీచోబీ సరస్సు కింద నల్లమట్టి ఊళ్ల పిల్లలు పరుగు నేర్చుకునేది వాటి వెంటపడే. వాటిలో ఒకటైన కేన్ పాయింట్‌లో అలా నేర్చుకున్నవాళ్లందరిలోకీ ఘనురాలు వర్లీన్ మింగో. ఇప్పుడు ఎవర్నడిగినా ఆ మాటే చెబుతారు. కిందటేడు అడిగితే మాత్రం ఆమె తమ్ముడు జాకోరీ పేరు చెప్పేవారు, అదీ నిక్కుతూ నీలుగుతూ.

జాకోరీ ఆమెకంటే నాలుగేళ్లు చిన్న. చిన్నప్పుడు కుందేలు తప్పించుకుపోయిన ప్రతిసారీ బూడిదలో చతికిలబడి ఏడ్చేవాడు. వర్లీన్ రెక్క పట్టుకుని లేపేది.

"తలకాయ చూడకురా, అది మోసం చేస్తుంది. వెనక తుంటి చూడు. తుంటి ఎటు తిరిగితే కుందేలు అటే."

ఎన్నిసార్లు చెప్పినా పట్టడం వాడికి రాలేదు. తప్పించుకోవడం మాత్రం వచ్చింది. సాయంత్రాలు చిక్కుడుకాయల షెడ్డు వెనక వాడు కుందేలు, ఆమె వేటకత్తె. తల ఇటు తిప్పి అటు దూకేవాడు. అయినా ఆమె చేతికి చిక్కేవాడు. మిగతా ఊరిలో ఎవరికీ చిక్కేవాడు కాదు.

ఆ విద్యే వాడికి అన్నం పెట్టింది. అమెరికా ఫుట్‌బాల్‌లో చేత్తో దూరంగా విసిరిన బంతిని, మీద పడే కాపలావాణ్ని తప్పించుకుని అందుకోవాలి. ఆ పనివాణ్ని వైడ్ రిసీవర్ అంటారు. హైస్కూల్లో వాడి ఆట చూసి కాలేజీవాళ్లు ఇంటికొచ్చారు, తల్లి మిస్ ఓపల్ వేయించిన చేపలు లొట్టలేసుకుంటూ తిని వాణ్ని ఎగరేసుకుపోయారు. చదువు కాగానే ఉత్తరాదిలో ఒక పెద్ద జట్టు వాణ్ని కొనుక్కుంది. మొదట్లో ఆడనివ్వకుండా గీత బయట బల్ల మీద కూర్చోబెట్టారు. ఆ చోట ఆడే పాత ఆటగాడి మోకాలు పోవడంతో వీడి దశ తిరిగింది. ఇరవై నాలుగేళ్లకే ఊరి మొగలో వాడిది ఇల్లంత బొమ్మ వెలిసింది.

ఆ బొమ్మ కిందుగానే వర్లీన్ రోజూ బడి బస్సు నడుపుతుంది. చదువుకునే రోజుల్లో ఆమెకూ బడి ఫుట్‌బాల్ జట్టులో ఆడాలని ఉండేది. కోచ్ నవ్వి, గీత బయట నిలబడి మగపిల్లల్ని హుషారుచేస్తూ కుచ్చులు ఊపమన్నాడు. ఆమె ఊపలేదు. వేరే దారీ దొరకలేదు. అందుకే తమ్ముడి బొమ్మ కనబడగానే కడుపులో మంట లేచేది. కుళ్లు అది, ఇంకో పేరు పెట్టి లాభం లేదు. ఆటలో వాడు బంతి జారవిడిచిన ఆదివారాల్లో ఆమెకు ఆకలి బాగా వేసేది.

ఆట ఉన్నరోజు చుట్టాలంతా మిస్ ఓపల్ ఇంట్లో టీవీ ముందు చేరేవారు. జాకోరీ ఎవణ్నో బోల్తా కొట్టించి దూసుకుపోతుంటే వర్లీన్ ఉండబట్టలేక అనేది.

"నేనైతే పట్టేదాన్ని."

"బస్సుతోనా?" అనేవాడు మేనమామ క్లీటస్. ఇల్లంతా గొల్లుమనేది.

ఇదంతా ఆమె భరించింది. కానీ ఒకసారి టీవీలో, ఈ మెలికలు ఎక్కడ నేర్చావని అడిగితే జాకోరీ ఒక కథ చెప్పాడు. ఒకరోజు మంటల అంచున తనే రెండు చేతులతో రెండు కుందేళ్లు పట్టానన్నాడు. చెరకు మోడు తగిలి మోకాలు చీరుకుపోయినా వదల్లేదన్నాడు. వర్లీన్ చెయ్యి తనకు తెలియకుండానే మోకాలి మీదికి పోయింది. ఆ మచ్చ ఆమెది. ఆ రోజు ఆమెది. జీవితంలో ఆమెకంటూ ఉన్న ఘనకార్యం అదొక్కటే, అది కూడా పట్టుకుపోయాడు.

తల్లికి నిజం తెలుసు. నిలదీస్తే ఆమె గిన్నె తోముతూనే సర్దిచెప్పింది.

"పోనీలేవే. ఎవరు పడితేనేం, వండింది నేను, తిన్నది అందరం."

ఊరు ఆ కథను నెత్తిన పెట్టుకుంది. బస్సులో పిల్లలు దాన్ని తిరిగి వర్లీన్‌కే చెప్పారు.

నవంబరులో జట్టుకు ఒక వారం సెలవొచ్చింది. జాకోరీ ఇంటికొచ్చాడు, వెనకాలే టీవీవాళ్లు దిగారు. తోట తగలబెడతారు, అతను కుందేలు పడతాడు, వాళ్లు కెమెరాలో తీస్తారు, అదీ ఏర్పాటు. ఊరంతా గట్టు మీద చేరింది. వర్లీన్ పిల్లల్ని బడిలో దింపి, బస్సు పక్కన ఆపి, చేతులు కట్టుకుని నిలబడింది.

మొదటి కుందేలు ఎడమకు తల తిప్పింది. జాకోరీ ఎడమకు దూకాడు. అది కుడికి పోయింది. రెండోదీ అంతే. మూడోదాని వెనక పడి తెల్లని కొత్త బూట్లతో మసిలో పొర్లాడు. ఇన్నేళ్లూ కుందేలై బతికినవాడికి వేటగాడి చూపు ఎక్కణ్నించి వస్తుంది? వర్లీన్ లోపల పండగ చేసుకుంది.

నాలుగోది అతని కాళ్ల సందునుంచి జారి సరిగ్గా ఆమె వైపే వచ్చింది. పట్టాలని ఆమె అనుకోలేదు. చూపు తుంటి మీదికి పోయింది, ఒళ్లు వంగింది, చూసుకునేసరికి కుందేలు చేతుల్లో కొట్టుకుంటోంది. జనం ఈలలేశారు.

మైకు పట్టుకున్న టీవీ అమ్మాయి మర్యాదగానే అడిగింది. బొమ్మ బాగా వస్తుంది, కాసేపు జాకోరీ చేతికివ్వమంది. జాకోరీ రెండు చేతులూ చాచి గొంతు తగ్గించాడు.

"ఇయ్యక్కా. ఒక్క నిమిషం."

"ఇస్తాను." వర్లీన్ వంగి, కుందేలును అతని బూట్ల ముందు నేల మీద పెట్టింది. "ఇదిగో. పట్టుకో."

అది క్షణం ఆగి, ఎడమకు చూసి, కుడికి ఉడాయించింది. జాకోరీ కదల్లేదు. మసి పట్టిన ఆ మొహం చిన్నప్పుడు బూడిదలో కూర్చున్న మొహమే. మైకు దగ్గరికి జరిగాడు.

"ఆ రెండు కుందేళ్ల కథ నాది కాదండీ, మా అక్కది. నేను ఒక్కటంటే ఒక్కటి కూడా పట్టలేదు. ఆవిడ తరిమేది, నేను తప్పించుకోవాలని చూసేవాణ్ని. నేను నేర్చుకుందల్లా అదే."

టీవీలో అదంతా వచ్చింది. చర్చిలో జనం వర్లీన్ చెయ్యి పట్టుకుని ఊపారు. జాకోరీ తిరిగి వెళ్తూ ఆమెను గట్టిగా కావలించుకున్నాడు. ఆమె కూడా కావలించుకుంది. కడుపులో మంట చల్లారినట్టే అనిపించింది.

తర్వాతి ఆదివారం మళ్లీ ఆట. జాకోరీ తల ఎడమకు తిప్పి కుడికి దూకాడు. కాపలావాడు గడ్డి మీద బోర్లాపడ్డాడు. బంతి వచ్చి జాకోరీ గుండెల మీద వాలింది. ఇల్లు దద్దరిల్లింది. ఒళ్లో పళ్లెం ఉన్నా వర్లీన్ కాళ్లు చాప మీద కదిలాయి.

"నేనైతే పట్టేదాన్ని" అంది.

క్లీటస్ వెనక్కి తిరిగి చూశాడు.

"అవునే, పట్టేదానివే" అన్నాడు మెల్లగా. ఎవరూ నవ్వలేదు. తల్లి లేచి ఆమె పళ్లెంలో ఇంకో చేపముక్క వేసింది. నమ్మడం లేదని ఇన్నాళ్లూ మండిపడ్డ మనిషికి, అందరూ నమ్మిన ఈ పూట ముద్ద దిగలేదు. ఎవరు నమ్మినా, తెర మీద పరుగెడుతున్నది జాకోరీయే.

"బస్సుతోనా అని అడగవేం మామయ్యా?" అంది వర్లీన్.

క్లీటస్ పక్కకు జరిగి, ఆమెకు తెర బాగా కనబడేలా చోటిచ్చాడు.