పెద్దామె స్నానం నీళ్ళు

కొత్తింటికి నీళ్ళు కాచే మెషిన్ ఏది పెట్టాలన్న మాట వచ్చిన రోజే నాకు కడుపు మండింది. మెషిన్ మీద కాదు, ఆ పిల్ల మీద.

షార్జాలో ఆ ఇంటికి నేను ఏళ్ళ తరబడి వంటమనిషిని. వంట కాక ఇంకో పని కూడా నాదే. మేడమ్ అత్తగారిని మేమంతా పెద్దామె అనుకుంటాం, ఎదురుగా అయితే మామా అంటాం, అరబ్బీలో అమ్మ అన్నట్టు. ఆమె నడవలేదు. పాత ఇంట్లో ఆమె స్నానాలగది గీజరు ముసలిదైపోయింది. ఓసారి సలసల కాగే నీళ్ళు ఇచ్చేది, ఓసారి మంచునీళ్ళు. అందుకని నేను బకెట్లో వేడీ చల్లా కలిపి, మోచేయి ముంచి చూసుకుని, ఆమె వీపు మీద పోసేదాన్ని.

కరోనా పోయాక ఆ పిల్ల వచ్చింది. నాది అమలాపురం వైపు, దానిది రాజోలు వైపు. పెద్దామెను లేపడానికి, కూర్చోబెట్టడానికి పెట్టుకున్నారు. స్నానం ఇద్దరం కలిసి చేయించేవాళ్ళం. అది పట్టుకునేది, నేను పోసేదాన్ని. పెద్దామె నాతో మాట్లాడేది ఆ కాసేపే. మిగతా పొద్దంతా ఆ పిల్లనే పిలిచేది.

కొత్త విల్లా ఊరి చివర కడుతున్నారు. పైపులు వేయడానికి ముందు ఇంజినీరు వచ్చి హాల్లో కాగితాలు పరిచాడు. మేడమ్ ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుంది. నేను చాయ్ పట్టుకెళ్ళాను. నేను అక్షరాలు నేర్చుకున్నది ఈ దేశం వచ్చాకే, అల్ నహ్దా పేటలో మా వైపు ఆడవాళ్ళుండే ఫ్లాట్లో, సెలవు రోజుల్లో. అవి తెలుగు అక్షరాలు. ఆ కాగితాల మీద వాటిలో ఒక్కటీ లేదు. ఆ పిల్ల మాత్రం ఇంగ్లీషు మీద వేలు పెట్టి గబగబా చదివేస్తోంది.

"ఏంటే, ఏం రాశారందులో?" అని అడిగాను.

"మూడు రకాలంట పిన్నీ. గదికో గీజరు ఒకటి. మేడ మీద ఎండకి కాగేది ఒకటి. ఇంకోటి ఏసీ డబ్బాలాగ బయటుంటాది. గాల్లో వేడిని లాగి ఇల్లంతటికీ ఒకే ట్యాంకులో కాత్తాది. కరెంటు శానా తక్కువ తింటాదంట. ఇదే బాగుందని మేడమ్‌కి చెప్తన్నాను."

"మరి మామా స్నానానికో?"

"ఎంత వేడి కావాలో కుళాయి దగ్గరే పెట్టేసుకోవచ్చు. ఇంక మారదు. నీళ్ళు కలిపే పనే ఉండదు."

కలిపే పని లేకపోతే ఆ గదిలో నాకేం పని? నన్నెవరూ అడగకుండానే నోరు తెరిచాను. "గదికో గీజరే మంచిది మేడమ్" అన్నాను హిందీలో.

నా మాటకు కారణం లేకపోలేదు. ఎండాకాలం ఇక్కడ మేడ మీది ట్యాంకు ఉడికిపోతుంది. చన్నీళ్ళ కుళాయి తిప్పితే చెయ్యి కాలుతుంది. అందుకని అందరం గీజరు స్విచ్ ఆపేస్తాం. ఇంట్లో ఏసీ చల్లదనానికి గీజరులోని నీళ్ళు చల్లబడతాయి. ఆ కాలంలో మాకు చన్నీళ్ళు వచ్చేది వేడినీళ్ళ కుళాయిలోంచే. గీజరు తీసేస్తే పెద్దామెకు చన్నీళ్ళు ఎక్కణ్ణుంచి తెస్తారని అడిగాను. గెలిచాననే అనుకున్నాను.

ఇంజినీరు ఆ పిల్లతో ఏదో అన్నాడు. అది నావైపు తిరిగింది.

"కొత్తింట్లో ట్యాంకు నేల కింద కడతన్నారు పిన్నీ. దానికి నీళ్ళు చల్లబరిచే మెషిన్ కూడా ఉంది."

మేడమ్ నవ్వింది. చెడ్డ నవ్వేం కాదు. అయినా నవ్వే కదా.

"అయితే ఎండకి కాగేదే పెట్టండి. ఎండ ఊరికే వత్తాది" అన్నాను.

"ఇందాకా గీజరన్నావు?" అంది ఆ పిల్ల.

"ఇప్పుడిది అంటన్నాను. నోరు నాది."

"మేడ మీదంతా ఎండతో కరెంటు తీసే పలకలే పిన్నీ, చోటు లేదు."

చివరికి మేడమ్ పెద్దామెను అడిగింది. ఆమె చక్రాల కుర్చీలోంచి గడ్డంతో ఆ పిల్లను చూపించింది. అది ఏది చెబితే అదేనట. "ఖలాస్" అంది మేడమ్. నేను కప్పులు తీసుకుని వంటగదిలోకి వచ్చేశాను. వెనకే ఆ పిల్లా వచ్చింది.

"నా పని లాక్కోడానికే కదే ఆ మెషిన్ పెట్టిత్తన్నావు?"

"నీ పని నాకెందుకు పిన్నీ? నువ్వు నీళ్ళు కలిపేదాకా ఆవిణ్ణి పట్టుకుని నా నడుం పోతంది."

కొత్తింట్లో లిఫ్టు పెట్టి పెద్దామె గది పైన కట్టారు, ఆ పక్క గది ఆ పిల్లకు ఇచ్చారు. నాకు కింద, వంటగది పక్కన. చలి మొదలైన రోజుల్లో ఒక ఉదయం తువ్వాలు ఇచ్చే వంకతో పైకి వెళ్ళాను. స్నానాలగది తలుపు వేసి ఉంది. లోపల నీళ్ళు ఒకే తీరుగా పడుతున్నాయి. ఎక్కడా ఆగడం లేదు. ఆ చప్పుడులో పెద్దామె మాట్లాడుతోంది. చిన్నప్పుడు వాళ్ళమ్మ గాడిద మీద తోలుసంచులు వేసుకుని నీళ్ళకు వెళ్ళిన కథ. ఎన్నిసార్లు విన్నానో నాకే తెలియదు. వీపు మీద మొదటి చెంబు పడగానే నాకు చెప్పడం మొదలుపెట్టేది. ఇప్పుడు దానికి చెబుతోంది. అది "ఆఁ, ఆఁ" అంటోంది. నా పక్కనుండి అన్నిసార్లు విన్నా, కథలో ఎక్కడ నవ్వాలో కూడా దానికి తెలియదు. తువ్వాలు తలుపు పిడికి తగిలించి దిగి వచ్చేశాను.

మధ్యాహ్నం నేను ఉల్లిపాయలు తరుగుతుంటే వచ్చింది.

"పిన్నీ, రేపు మామాకి నీళ్ళు నువ్వు పొయ్యి. నేను పట్టుకుంటాను."

చెయ్యి ఆపాను. "మామా అడిగిందా?"

అది నా మొహంలోకి చూసింది. "లేదు. నేనే అంటన్నాను."

"నాకు వంటుంది" అన్నాను.

మళ్ళీ అడగలేదు. మామా అడిగిందని అబద్ధం చెప్పి ఉంటే వెళ్ళేదాన్ని. ఒక్క అబద్ధమాడితే దాని సొమ్మేం పోతుంది? చెప్పలేదు. దాని మీద మంట నాకు అందుకే ఇప్పటికీ చల్లారలేదు.