పిడికెడు నూకలు

ఈ ఉదయం నూకల సంచి విప్పితే ఆ వాసనకు చిన్నప్పుడు బొంబాయిలో మేమున్న కామాటిపురా చాల్, ఆ ఒంటిగది ఇళ్ల వరుస, గుర్తొచ్చింది.

పోచమ్మకు మొక్కిన మేక కోసం నాయిన వరండా కటకటాలకు పెయింట్ డబ్బా కట్టాడు. "రెండు పూటలా గడ్డెయ్యి. నూకలు మాత్రం పిడికెడే బిడ్డా" అన్నాడు.

అది పిసినారితనం అనుకున్నాను. ఆయన పనికి పోగానే డబ్బా నిండా నూకలు పోశాను. మేక మొత్తం తినేసింది. సాయంత్రానికి దాని కడుపు డప్పులా ఉబ్బింది. ఇన్నాళ్లకు కడుపు నిండిందని సంబరపడి, దాని మీద దరువేశాను. మేక మూలిగింది.

నాయిన వచ్చి చూశాడు. "నూకలకు ఉబ్బింది. మొక్కు పాయె. సచ్చేలోపన్న కోద్దాం."

అమ్మ నా పళ్లెంలో ముక్కలు వేస్తూ, "తినవే, నువ్వు మేపిందే కదా" అంది.

ఏడుస్తూనే తిన్నాను. ఇంకో ముక్క నేనే అడిగాను.

ఆ మేక రంగు ఇప్పుడు గుర్తులేదు. కూర రుచి గుర్తుంది.