ఇఫ్తార్ తర్వాత కూత

రైల్వేలో పనిచేసిన రోజుల నుంచి ఇప్పటిదాకా నేను ఒక్క ఏకాదశి ఉపవాసమూ వదల్లేదు. నా డైరీలు తిరగేస్తే ఆ సంగతి తెలుస్తుంది. ఆ రోజు నేను తిన్నవేమిటో కూడా తెలుస్తుంది: అరటిపండ్లు, పాలు, వేరుశనగలు, సాయంత్రం ఉప్పుపిండి. "మీది ఒక్కపొద్దు గాదు, పలారాల పండగ" అని మా ఆవిడ నవ్వేది. మా వైపు ఉపవాసాన్ని ఒక్కపొద్దు అంటాం. రంజాన్ నెలలో ముస్లింలు ఉండే రోజాను కూడా అదే మాటతో పిలుస్తాం. మాట ఒకటే కాబట్టి పనీ ఒకటేనని చాలాకాలం అనుకున్నాను.

బేతంచెర్లలో మా ఎదురింట్లో ఒక కబడ్డీ ఆటగాడు ఉంటాడు. తండ్రి బండల పాలిషింగ్ ఫ్యాక్టరీలో పనిచేసి చనిపోయాడు. ఇంట్లో తల్లి, కొడుకు ఇద్దరే. అతనికి ఆటే జీవనం. కొంతకాలం పెద్ద లీగులో ఒక జట్టుకు ఆడాడు. మోకాలు దెబ్బతింటే ఆ జట్టు వదిలేసింది. ఆపరేషన్ తర్వాత కోలుకుని, ఊళ్ళ టోర్నమెంట్లలో ఎవరు పిలిస్తే వాళ్ళ తరఫున ఆడుతూ వచ్చాడు. వయసు ముప్పైకి దగ్గరపడింది. కబడ్డీలో ఆ వయసు దాటినవాణ్ణి కొత్తగా తీసుకునేవాళ్ళు అరుదు.

రెండేళ్ళ కిందట మార్చిలో మా ఊళ్ళో టోర్నమెంటు జరిగింది. ఫైనల్ చూడటానికి లీగు జట్టు కోచ్ ఒకాయన వస్తున్నాడని, వాళ్ళకు కూతకు వెళ్ళే ఆటగాడు ఒకడు కావాలని కబురొచ్చింది. ఎదురింటి అతనికి ఇదే ఆఖరి అవకాశమని వీధిలో అందరికీ తెలుసు. అయితే అది రంజాన్ నెల, అతను రోజాలు ఉంటాడు.

అతని తల్లి మా అరుగు మీద కూర్చుని నాతో చెప్పుకుంది.

"నువ్వన్నా చెప్పన్నా. ప్రయాణంలో ఉన్నోళ్ళకు, ఒంట్లో బాగాలేనోళ్ళకు మినహాయింపు ఉండాది. ఆ ఒక్క దినం ఇడిసిపెట్టి, పండగ అయినాక ఇంకో దినం ఉండమను."

నేను చెప్పాను. అతను నవ్వాడు.

"నేను ప్రయాణం యాడ పోతాండా సార్? గ్రౌండు మా ఇంటి ఎనకాలే గదా. ఒంట్లో బాగలేదని చెప్పి, అదే ఒంటితో కబడ్డీ ఆడితే ఎవురు నమ్ముతారు?"

చాలా ఏళ్ళుగా మా ఊరి టోర్నమెంట్లకు నేనే టైంకీపర్ని. అందువల్ల ఆ నెలంతా సాయంత్రాలు అతని సాధన చూశాను. కబడ్డీలో కూతకు వెళ్ళినవాడు అవతలి గడిలో ఉన్నంతసేపూ "కబడ్డీ, కబడ్డీ" అని ఆగకుండా, వినిపించేలా అనాలి. కూత తెగితే ఔటు. పొద్దున్నుంచి చుక్క నీరు తాగని నోటితో ఆ మాట పలకడం ఎంత కష్టమో ఎవరికి వారు ప్రయత్నిస్తే తెలుస్తుంది. నేను ఒక రోజు మంచినీళ్ళు కూడా ముట్టకుండా ఉండి చూశాను. మధ్యాహ్నానికి నాలుక అంగిలికి అతుక్కుంది. మా ఆవిడను చెంబు తెమ్మని అడగడానికి కూడా మాట సరిగా రాలేదు.

మొదటి వారం అతని కాళ్ళు అతని మాట వినలేదు. వెనక్కి తిరగడంలో ఆలస్యం, ఆ కాస్త ఆలస్యంలోనే దొరికిపోవడం. తర్వాత అతను దారులు వెతుక్కున్నాడు. మధ్యాహ్నం నమాజు తర్వాత ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. నోటి తడి దాచుకోవడానికట. వీధిలో కూరగాయలమ్మే ఆమెతో సహా అందరమూ అతనితో సైగలతో మాట్లాడటం అలవాటు చేసుకున్నాం. సాధన ఐదింటికి మొదలుపెట్టేవాడు. ఫైనల్ కూడా ఆ వేళకే గనక ఒంటిని ఆ వేళకు మలుచుకుంటున్నాడు. నెల చివరికొచ్చేసరికి మనిషి బాగా చిక్కాడు గాని కాళ్ళల్లో వేగం తిరిగొచ్చింది. ఖాళీ కడుపుతో, ఎండిన పెదవులతో అతను అంత తేలికగా కదలడం చూస్తుంటే చేతిలో స్టాప్‌వాచ్ ఉన్న సంగతి మరిచిపోయేవాణ్ణి.

ఫైనల్‌కు రెండు రోజుల ముందు మా టోర్నమెంటు కమిటీ ఒక మంచిపని చేసింది. అధ్యక్షుడు బజారులో కిరాణా దుకాణం నడిపే పెద్దమనిషి. "పాపం, పొద్దుగూకులూ పస్తుండి ఎట్లాడతాడప్పా? ఆట చీకటి పడినాక పెడదాం. ముందు కడుపునిండా తిననీ" అన్నాడు. అందరం చప్పట్లు కొట్టాం. ఫ్లడ్‌లైట్లు తెప్పించారు. గ్రౌండులోనే ఇఫ్తార్ కూడా ఏర్పాటు చేశారు.

ఆ సాయంత్రం నేను వెళ్ళి సంతోషంగా చెబితే అతని ముఖం వాడిపోయింది.

"ఏమప్పా, మంచిదే గదా?"

"సార్, నెలంతా ఖాళీ కడుపుకు అలవాటు పడినా. రోజా ఇడిసినాక నీళ్ళు తాగితే కడుపులో బిందె ఊగినట్టు ఊగుతాది. తింటే ఒళ్ళు బరువెక్కి నిద్దరొస్తాది. అప్పుడు ఎవురన్నా ఆడతారా?"

"అట్లయితే మార్పించనా? పోయి చెప్తా."

"వద్దు సార్." అతను నా చెయ్యి పట్టుకున్నాడు. "నా కోసం చేసినారు. వాళ్ళను చిన్నబుచ్చొద్దు. నేను సూసుకుంటా."

ఫైనల్ రోజు గ్రౌండు పక్కన షామియానా కింద బల్లలు వేశారు. పండ్లు, ఖర్జూరాలు మసీదు వాళ్ళు పంపారు. మిగతాదంతా కిరాణా పెద్దమనిషి పెట్టించినదే. మా జిల్లా మనిషి కాబట్టి ఆయనకు విందంటే ఒకటే తెలుసు: ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు. ఉగ్గాని అంటే నానబెట్టిన మరమరాల, మా మాటలో బొరుగుల, తాలింపు. అది పెద్ద గంగాళం నిండా ఉంది. పక్కనే నూనెలో బజ్జీలు పొంగుతున్నాయి. ప్రత్యర్థులు బద్వేలు కుర్రాళ్ళు. వాళ్ళనూ కూర్చోబెట్టారు.

అజాన్ వినిపించింది. ఎదురింటి అతను కళ్ళు మూసుకుని దువా చేశాడు. ఒక ఖర్జూరం నోట్లో పెట్టుకుని నమిలాడు. గ్లాసు ఎత్తి రెండు గుటకలు తాగి దించేశాడు. పక్కకు వెళ్ళి నమాజు చేసుకుని వచ్చాడు. అంతే. ముందున్న ప్లేటును ముట్టుకోలేదు.

పెద్దమనిషికి మనసు నొచ్చింది. "ఏమప్పా, మా చేతి తిండి తినవా?"

అతను ప్లేటును రెండు చేతులా తీసుకుని ఆయన చేతికే ఇచ్చాడు. "అన్నా, ఇది నాదే. ఎవురికీ ఇయ్యొద్దు. ఆట అయినాక ఇదీ తింటా, ఇంకోటీ తింటా."

పెద్దమనిషి ఆ ప్లేటు మీద కాగితం కప్పి ఒళ్ళో పెట్టుకున్నాడు.

బద్వేలు జట్టు మాత్రం కూర్చున్నవాళ్ళు లేవలేదు. వాళ్ళ కెప్టెన్ భారీ మనిషి, మాటకారి. అతనికి బజ్జీల మీద బజ్జీలు పడుతున్నాయి. ఎదురింటి అతను వెళ్ళి మెల్లగా చెప్పాడు.

"శానా తినొద్దప్పా. ఇంకాసేపట్లో ఆట ఉండాది. కూత రాదు."

"ఏందన్నా, నువ్వు తినవు, మమ్మల్ని తిననియ్యవు!" అని కెప్టెన్ పకపకా నవ్వాడు. "మమ్మల్ని పస్తు పెట్టి గెలుద్దామనా? ఏయ్, ఇంకో నాలుగు ఎయ్యండప్పా ఈడ!"

నేను ఎదురింటి అతని వంకే చూస్తున్నాను. పగలంతా తినకుండా ఉండటానికి ఒక కట్టుబాటు ఉంది, చుట్టూ ఊరంతా ఉంది, తోడుగా పాటించేవాళ్ళు ఉన్నారు. ఇప్పుడు అతనికి ఏ అడ్డూ లేదు. దేవుడు తినమన్నాడు, ఊరు తినమంటోంది, కడుపు అడుగుతోంది. ఆ వాసనల మధ్య కూర్చుని, తడిసిన నోటిని అతను మళ్ళీ మూసుకున్నాడు. జీవితమంతా ఉపవాసాలున్నానని అనుకున్న నాకు ఉపవాసం కళ్ళెదుట కనిపించింది అప్పుడే.

ఆట మొదలైంది. కోచ్ నా బల్ల పక్కనే కుర్చీ వేయించుకున్నాడు. మొదట్లో మనవాడు రెండుసార్లు దొరికిపోయాడు. ఒళ్ళు కొత్త వేళకు అలవాటు పడలేదని నాకు అర్థమైంది. కోచ్ తన ఫోన్ తీసి చూసుకోవడం మొదలుపెట్టాడు.

విరామం తర్వాత బద్వేలు వాళ్ళకు బరువు తెలియసాగింది. వాళ్ళ కెప్టెన్ కూతకు వచ్చాడు. "కబడ్డీ, కబడ్డీ" అంటూ మూలదాకా వెళ్ళి, ఒక కాలు చాచి, అక్కడే గట్టిగా తేన్చాడు. కూత తెగింది. అంపైర్ ఈల వేశాడు. జనం పడీపడీ నవ్వారు. "బజ్జీ ఔటు!" అని ఎవరో అరిచారు. కెప్టెన్ కూడా పొట్ట పట్టుకుని నవ్వుతూ బయటికి నడిచాడు.

చివరి కూత సమయానికి రెండు జట్లూ సమానంగా ఉన్నాయి. మనవాడు గీత దాటాడు. కూత ఎక్కువ గట్టిగా లేదు. సన్నగా, ఒకే స్థాయిలో, తెగని దారంలా సాగింది. తొందరపడలేదు. ఎదుటివాళ్ళ ఛాతీలు ఎగసిపడటం చూస్తూ అటూ ఇటూ కదిలాడు. నా స్టాప్‌వాచ్‌లో ఒక్కో కూతకు ఉండే ముప్పై సెకన్లు అయిపోవస్తున్నాయి. మళ్ళీ లోపలికొచ్చిన కెప్టెన్ ఊపిరి కోసం ఒక్క క్షణం మోకాలి మీద చెయ్యి ఆనించాడు. మనవాడి కాలి వేలు ఆ చేతిని తాకింది. ముగ్గురు మీద పడేలోపు వెనక్కి తిరిగి గీత అవతల ఉన్నాడు. పెద్దమనిషి ఎగిరి లేచాడు. ఒళ్ళో ప్లేటు, ఉగ్గాని, బజ్జీలు అన్నీ మట్టిపాలయ్యాయి.

కోచ్ అతన్ని నా బల్ల దగ్గరకే పిలిచాడు. "ఆట బాగుంది. కాని మా దగ్గర శిబిరంలో తిండికి ఒక పద్ధతి ఉంటుంది. వచ్చే ఏడాది రంజాన్ సీజన్ మధ్యలో వస్తే ఏం చేస్తావు?"

పగలు కూడా తింటానని ఒక్క మాట చెబితే చాలు, పని అయిపోతుంది. అది అతనికి నాకంటే బాగా తెలుసు.

"పొద్దు గూకినాక ఏం తినమంటే అది తింటా సార్, ఎంత తినమంటే అంతే తింటా. పగలు మాత్రం తినమని అడగొద్దు."

కోచ్ నావైపు తిరిగాడు. "ఆట ముందు ఏం తిన్నాడు?"

"ఒక ఖర్జూరం, రెండు గుటకల నీళ్ళు" అన్నాను.

ఆయన షామియానా కింద ఖాళీ అయిన గంగాళం వైపు చూశాడు. కాళ్ళు చాచుకుని కూర్చున్న బద్వేలు జట్టువైపు చూశాడు. "పండగ చేసుకుని రా. మోకాలి రిపోర్టులు తెచ్చుకో" అన్నాడు.

అతను తలూపాడు. కేకలు వేయలేదు, ఎవరి కాళ్ళకూ మొక్కలేదు. కమిటీ పెద్దమనిషి దగ్గరకు వెళ్ళి, "అన్నా, ఆకలయితాండాది. నా ప్లేటు యాడ?" అన్నాడు.

పెద్దమనిషి మట్టిలో పడిన బొరుగుల వంక చూసి, స్టవ్ మళ్ళీ వెలిగించమని కేకేశాడు. బద్వేలు కెప్టెన్ తనంతట తానే లేచి వచ్చి ఉల్లిగడ్డలు తరగడానికి కూర్చున్నాడు. ఎదురింటి అతని తల్లి వచ్చి కొడుకు పక్కన నేలమీద కూర్చుంది. వేడి ఉగ్గాని వచ్చాక అతను తినసాగాడు. నెమ్మదిగా, ఒక్కో ముద్దా నములుతూ తిన్నాడు.