దొరకని దోషం మీద నాలుగు పుటలు

కుట్టుమిషన్లు బాగుచేసే ఆమెను ఆ వీధిలో అందరూ నూనెడబ్బా అక్క అనేవారు. యాభై దాటాయి. వేళ్లకు నూనె మరక వదలదు, నోటికి తాళం లేదు. బాగుచేసిన ప్రతి మిషన్ చక్రానికీ దారంతో ఒక చీటీ కట్టడం ఆమె అలవాటు. ఏం చెడిందో, ఏం మార్చిందో రెండు ముక్కలు రాస్తే సరిపోయేదానికి, కలం పట్టిందంటే ఆ చీటీ చేంతాడయ్యేది.

ఒకసారి సొంత చెల్లెలి మిషనే మొండికేసింది. ఊరికే దారం తెంపుతోంది. మూడుసార్లు విప్పి బిగించినా అదే తంతు. చేసేదిలేక మిషన్‌తో పాటు నాలుగు పుటల చీటీ పంపింది. చెల్లెలు అది చదివి పరుగున వచ్చింది. గ్రంథాలయంవాళ్ల వ్యాసాల పోటీకి ఆరోజు ఐదింటితో గడువు ఆఖరు.

"పదక్కా, చెప్పులేసుకో!"

"పిచ్చిదానా! రిపేరు చీటీ పట్టుకెళ్తే నవ్విపోరూ?"

అన్నదే గాని, కాళ్లు అప్పటికే చెప్పుల్లో దూరాయి. చిన్నప్పుడే బడి మానేసిన మనిషి. తను రాసినదాన్ని ఒక్కరంటే ఒక్కరు వ్యాసం అంటే చాలునని ఎన్నేళ్లుగానో లోపల ఒక ఆశ.

నాలుగూ నలభైకల్లా ఇద్దరూ గ్రంథాలయం బల్లముందు రొప్పుతూ నిలబడ్డారు. గుమాస్తా గోడమీది కాగితం చూపించాడు. ఉత్తరాలు, నివేదికలు, కథలు తీసుకోరట.

"'చెల్లీ' అని మొదలెట్టారు. ఇది ఉత్తరం కదమ్మా."

"పిలిచాను గానీ ఏమీ అడగలేదుగా బాబూ. కనీసం బాగున్నావా అని కూడా రాయలేదు."

"సూది, స్ప్రింగు, బాబిన్... అయితే నివేదిక. ఇదిగో, ఇక్కడ మీ అమ్మగారు వచ్చారు. కథ!"

"వచ్చింది, కసిరింది, పోయింది. దాన్నే కథంటే మా ఇంట్లో రోజూ నవలేనండీ," అంది చెల్లెలు.

వ్యాసమంటే ఏమిటో తేల్చడానికి లోకంలో ఎన్ని లావుపాటి పుస్తకాలు వచ్చాయో! కొన్ని బల్లగుద్ది చెప్పాయి, కొన్ని మెల్లగా జారుకున్నాయి. ఇక్కడ మాత్రం ఉన్నది పావుగంట.

గుమాస్తా విసుగ్గానే మొదటి పుట తిప్పాడు. రెండో పుటకి కూర్చున్నాడు. దారం తెగితే చివరగా తాకిన చేతినే ఎందుకు తిడతాం? ఆనాడు దారం తెగిందని అమ్మ నన్నెందుకు తిట్టింది, ఈనాడు నేను సూదినెందుకు తిడుతున్నాను? ఆ రాత ఇలా సందుగొందులన్నీ తిరుగుతోంది. నాలుగో పుట అయ్యాక అతను తలెత్తాడు.

"ఇంతకీ దోషం ఎక్కడుందండీ?"

"తెలిస్తే నాలుగు పుటలెందుకు బాబూ? వెతుక్కుంటూ రాశాను. దొరకలేదు."

గుమాస్తా అరచేత్తో బల్లమీద చరిచాడు. "దోషం తేల్చలేదు కాబట్టి నివేదిక కాదు! ఏమీ అడగలేదు, ఉత్తరం కాదు! జరిగినదానికంటే ఆలోచించిందే ఎక్కువ, కథా కాదు. వెతుక్కుంటూ రాశారు, నన్నూ వెంట తిప్పారు. ఇది వ్యాసమమ్మా!"

"ఏదీ, ఇంకోసారి అనండి!"

"వ్యాసం!" అంటూ ముద్ర గుద్దాడు. గడియారంలో ఐదుకు రెండు నిమిషాలు తక్కువ.

మెట్లు దిగుతూనే అక్క చెల్లెలి చెయ్యి పట్టుకుని లాగింది. "పదవే, ఆ మిషన్ మళ్లీ విప్పుదాం. ఇప్పుడేదో తడుతోంది!"

"నీకు దణ్ణం పెడతాను, ఫలితాలొచ్చేదాకా దాన్ని ముట్టుకోకు! దోషం దొరికిందంటే నీ వ్యాసం కాస్తా నివేదికైపోతుంది!"