రెబెకా కాలు

రెబెకా ఎదురుకాళ్ళతో పుట్టింది. అలా పుట్టినవాళ్ళు మెల్లగా తంతే పట్టేసిన నడుము విడుస్తుందని బోధన్‌లో పెద్దల నమ్మకం. అందుకని ఆ పిల్లకు నడక సరిగా రాకముందే తన్నడం వచ్చేసింది. చెరుకు కొట్టి వంగిపోయినవాళ్ళూ, బీడీలు చుట్టి బిగుసుకుపోయినవాళ్ళూ వచ్చి వాళ్ళ గడప దగ్గర బోర్లా పడుకునేవాళ్ళు. "ఇవన్నీ మూఢనమ్మకాలు" అని ఆదివారం చర్చిలో చెప్పిన పాస్టరుగారు కూడా సోమవారం పెరటి తలుపు నుంచి వచ్చేవారు. పెద్దవాళ్ళను తన్ని, పైగా వాళ్ళతో దండం పెట్టించుకున్న పిల్లను ఇంకెక్కడైనా చూశారా?

ఆ కాళ్ళే ఆమెను కబడ్డీలోకి తెచ్చాయి. ఇంటర్‌కొచ్చేసరికి రెబెకా కూతకు వస్తోందంటే అవతలి జట్టుకు గుండె జారేది. కోచ్ పరమేశ్వర్ సారు పిల్లల చేత పరుగులు తీయించేవాడు, గుంజీళ్ళు తీయించేవాడు. నడుము సంగతి ఆయనకెన్నడూ గుర్తుకు రాలేదు. ఈ ఏడు జిల్లా జట్టు ఎంపికలు ఇంకా రెండు నెలలున్నాయనగా, రెబెకాకే నడుము పట్టేసింది. వంగి చెప్పులు తొడుక్కోవడమే గగనమైపోయింది.

"అయ్యో ప్రభువా! ఊరందర్ని తన్నినవు, ఇగ నిన్నెవలు తంతరు బిడ్డా?" అని నాయనమ్మ ఎల్లవ్వ నెత్తి కొట్టుకుంది.

నిజమే కదా, ఎవరి కాలు వాళ్ళ నడుముకు అందదాయె! ఎల్లవ్వ వాకబు చేసి, ముప్కాల్ నుంచి ఎదురుకాళ్ళ ఆత్మారాంను పిలిపించింది. ఆయనది మంచి భారీ శరీరం. కాలెత్తగానే తూలి, పక్కనున్న నీళ్ళ బిందెల మీద పడ్డాడు. తన్ను తగల్లేదు సరికదా, ఆయన నడుము కూడా పట్టేసింది. చివరికి రెబెకాయే మూలుగుతూ ఆయన్ని తన్ని సాగనంపింది.

పరమేశ్వర్ సారు మాత్రం, "నడుము పోయినోళ్ళతోని నాకేం పని?" అని ఎంపికలకు రాసిన జాబితాలోంచి ఆమె పేరు కొట్టేశాడు. ఆ రోజు రెబెకా అన్నం ముట్టలేదు. జిల్లా జట్టులో ఆడాలన్నది తప్ప ఆ పిల్లకు వేరే ఆశ లేదు మరి.

మర్నాడు నిజామాబాద్ బస్సెక్కింది. అక్కడ ఫిజియోథెరపీ చేసే సంజన మేడం ఆమెను వంచి, తిప్పి, ఒంటికాలి మీద నిలబెట్టి చూసింది.

"ఎముకలు మంచిగనే ఉన్నయి. కాళ్ళు మస్తు గట్టిగున్నయి. పొట్ట, నడుము చుట్టున్న కండలకే ఎన్నడు పని చెప్పలే నువ్వు. పందిరి గుంజ గట్టిదే గని, తాళ్ళు వదులున్నయి."

మోచేతుల మీద బోర్లా ఆనుకొని ఒళ్ళు పలకలా నిలపడం, అలాగే పక్కకు తిరిగి నిలపడం నేర్పింది. రెబెకా ఇంట్లో అదే పనిగా చేస్తుంటే, "నేల మీద ఏం దేవులాడుతున్నవే?" అని ఎల్లవ్వ చీపురు పుచ్చుకుని చుట్టూ ఊడ్చుకుంటూ పోయేది. నొప్పి వారం వారం తగ్గుతూ వచ్చింది.

ఎంపికల రోజు రెబెకా పిలవకున్నా మైదానానికి పోయింది. అక్కడ పరమేశ్వర్ సారు గీతలు గీసే ముగ్గు బస్తా ఎత్తబోయి, వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు.

"నీకు పుణ్యముంటది రెబెకా, ఒక్క తన్ను తన్ను తల్లీ! నీ పేరు రాస్త."

"పేరు ఊకనే వద్దు సార్. ఒక్కసారి కూతకు పంపుండ్రి. నా నడుము నిలవకుంటే నేనే ఇంటికి పోత."

"గట్లనే గాని, ముందుగాల తన్ను!"

ఆమె ఒంటికాలి మీద తొణక్కుండా నిలబడి, మెల్లగా తన్నింది. సారు మూలుగుతూ లేచి కుర్చీలో కూలబడ్డాడు.

రెబెకా కూతకు వెళ్ళింది. ఒకమ్మాయిని తాకి మళ్ళుతుంటే ముగ్గురు నడుమును వాటేసుకున్నారు. సరిగ్గా పాత నొప్పి ఉన్నచోటే! కానీ నడుము సడలలేదు. కూత ఆపకుండా ముగ్గురినీ ఈడ్చుకుంటూ వచ్చి గీత మీద చెయ్యేసింది. చప్పట్లు కొడుతూ లేవబోయిన సారు "అమ్మా!" అని మళ్ళీ కూర్చుండిపోయాడు. జట్టులో మొదటి పేరు ఆమెదే రాశాడు.

ఇప్పుడు ఆ మైదానంలో పరుగుల కన్నా ముందు అందరూ మోచేతుల మీద నిలవాల్సిందే. వరస చివర సారు కూడా ఉంటాడు, గడగడ వణుకుతూ.

"ఒక్క తన్ను తంతే పోయేదానికి గింత కష్టమెందుకు తల్లీ?"

"నన్ను తన్నేటోళ్ళు దొరకలే సార్, గందుకే నేర్చుకున్న. నడుము దించకుండ్రి."